కవరా, సంచియా: సముద్రనాచు సంచులను గురించి ఒక పాఠం

కిరాణా కొట్టులో “కవరులో వేయమంటారా?” అని అడిగినప్పుడు ఉత్తరం పెట్టే కవరు ఎవరికీ స్ఫురించదు. ఆ ఆంగ్లపదం తెలుగునాట పలుచని ప్లాస్టిక్ సంచికి పేరుగా స్థిరపడిపోయింది. ప్లాస్టిక్‌తో చేసినదీ సంచియే అయినప్పటికీ, జనవ్యవహారం దానిని సంచి అనడానికి అంతగా ఇష్టపడలేదు. సంచి అన్న మాట గుడ్డసంచికి, గోనెసంచికి, పెండ్లిలో తాంబూలం పెట్టి ఇచ్చే సంచికి మిగిలింది. సంచిని ఉతుకుతారు, మేకుకు తగిలిస్తారు, చిరిగితే కుట్టుకుంటారు. కవరును పారవేస్తారు.

నిత్యవ్యవహారంలో ఏర్పడిన ఈ విభజన పర్యావరణ శాస్త్రం చేసే విభజనకు మిక్కిలి దగ్గరగా ఉన్నది. సముద్రనాచుతో చేసి, వాడిన తరువాత ఎరువుగా మార్చదగిన సంచులు కొన్ని దేశాలలో తయారవుతున్నాయి. మన దేశంలోనూ ఆ ప్రయత్నం సాగుతున్నది. అటువంటి సంచి ఒకటి కనకాలపేట ఇంటి గుమ్మం దాటి లోపలికి వచ్చినప్పుడు దానిని కవరు అనాలా, సంచి అనాలా? అది దేనితో తయారైనదన్న ప్రశ్న ఒక్కటే ఇక్కడ చాలదు. వాడిన మరునాడు అది ఎక్కడికి చేరుతుందన్నది కూడా తెలియాలి.

కనకాలపేట యానాం పురపాలక పరిధిలోనిది. యానాం ప్రాంతం మొత్తం విస్తీర్ణం సుమారు 30 చదరపు కిలోమీటర్లు. 2011 జనగణన ప్రకారం జనాభా 55,626. మనిషికి వారానికి రెండు కవర్లు చొప్పున లెక్క వేసుకున్నా, ఏడాదికి దాదాపు 58 లక్షల కవర్లు అవుతాయి. ఇది ఊహించిన లెక్కయే గాని ఎవరూ కూర్చుండి ఎంచినది కాదు. అయితే పరిమాణం ఏపాటిదో తెలియడానికి సరిపోతుంది. గౌతమి ఒడ్డున, కోరింగ పాయ చీలే చోట, సముద్రమట్టానికి అంత ఎత్తులో లేని నేల ఇది. ఇక్కడ వాననీరు పోవడానికి ఉన్న దారి మురుగుకాలువ ఒక్కటే. 2022 జూలైలో గోదావరి వరద యానాంను ముంచెత్తినప్పుడు నీరు ఎంత త్వరగా ఇళ్ళలోకి వస్తుందో, ఎంత నిదానంగా బయటకు పోతుందో ప్రజలు కళ్ళారా చూశారు. వరదను కవర్లు తేలేదు. కాని తీసిపోవలసిన నీటికి కాలువ తూములో చిక్కుకున్న కవరు అడ్డు నిలుస్తుంది.

కాలువ దాటిన కవరు కోరింగ మడ అడవి వైపు సాగుతుంది. తెల్లమడ, నల్లమడ చెట్ల చుట్టూ బురదలో నుండి పెన్సిళ్ళవలె నిలువుగా పైకి పొడుచుకు వచ్చేవి శ్వాసమూలాలు. గాలి ఆడని బురదలో ఉన్న వేళ్ళకు ఊపిరి వాటి ద్వారానే అందుతుంది. ఆటుపోటులతో వచ్చిన ప్లాస్టిక్ పొర వాటి మీద పరచుకుంటే వేళ్ళకు గాలి తగ్గుతుంది. తుపానుల ఉధృతి నుండి తీరాన్ని కాచే చెట్ల విషయమిది. కనుక కవరు సంగతి కేవలం వీధి శుభ్రతకు చెందినది కాదు.

ఇక చట్టం మాట. పుదుచ్చేరి ప్రభుత్వం ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ వస్తువులపై 2019 ఆగస్టు 1 నుండి నిషేధం అమలులోకి తెచ్చింది. దేశవ్యాప్తంగా చూస్తే, 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నియమాలు క్యారీబ్యాగుకు కనీస మందం 50 మైక్రాన్లని నిర్ణయించాయి. 2021లో చేసిన సవరణతో అది 2021 సెప్టెంబరు 30 నుండి 75 మైక్రాన్లకు, 2022 డిసెంబరు 31 నుండి 120 మైక్రాన్లకు పెరిగింది. మైక్రాన్ అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. మందం పెంచడంలో ఉద్దేశం రెండు విధాలు: మందమైన సంచిని ఉచితంగా ఇవ్వడం దుకాణదారునికి గిట్టదు, కొన్నవారు దానిని వెంటనే పారవేయరు. కంపోస్టు కాగల సంచులకు ఈ మందం నియమం వర్తించదు. సముద్రనాచు సంచికి చట్టంలో తెరిచి ఉన్న తలుపు అదే. ఆ తలుపు గుండా దొంగ సరుకు కూడా దూరుతున్నది. దాని సంగతి ముందు వస్తుంది.

నాచు పరిచయం

తెలుగులో నాచు, పాచి అన్న మాటలకు మర్యాద తక్కువ. నూతిగట్టు మీద కాలు జారేది పాచి. పళ్ళకు పట్టేదీ పాచియే. పుదుచ్చేరిలోని తమిళులు సముద్రపు నాచును ‘కడల్‌పాసి’ అంటారు. అది మన పాచికి తోబుట్టువు. అయితే ఈ నాచు ఇప్పటికే తెలుగువారి ఇళ్ళలో పెద్ద మర్యాదతోనే తిరుగుతున్నది. మిఠాయిలకు, పాలతో చేసే తీపి వంటకాలకు వాడే చైనా గ్రాస్ సముద్రనాచు నుండి తీసిన అగర్. ఐస్‌క్రీములోను, కొన్ని టూత్‌పేస్టులలోను చిక్కదనానికి కలిపే క్యారజీనన్ మరొక నాచు సారం. దంతవైద్యుడు పళ్ళ అచ్చు తీసే ముద్దలో ఉండేది ఆల్జినేట్. గోదావరి జిల్లాల రైతులు వరిచేలకు వాడే ఇఫ్కో వారి ‘సాగరిక’ కూడా సముద్రనాచు సారమే. నాచు సంచి వింతగా తోచవచ్చు గాని, దానిలోని పదార్థం మాత్రం వింత కాదు.

అగర్, క్యారజీనన్ ఎర్రనాచుల నుండి, ఆల్జినేట్ గోధుమరంగు నాచుల నుండి లభిస్తాయి. మూడూ పిండిపదార్థం వలె పొడవైన గొలుసుల నిర్మాణం గల చక్కెర సంబంధ పదార్థాలు. వేడినీటిలో కరిగించి, పలుచగా పరచి ఆరబెడితే పారదర్శకమైన రేకు ఏర్పడుతుంది. ఆరిన రేకు అప్పడంవలె పెళుసుగా విరుగుతుంది. అందుకే గ్లిజరిన్ వంటి మెత్తబరచే పదార్థం కలుపుతారు. మట్టిలోని సూక్ష్మజీవులు ఇటువంటి గొలుసులను అనాదిగా తింటున్నవే. పాలిథిన్ గొలుసులను తెంచి తినడం వాటికి అలవాటు లేదు. నాచు రేకు కొన్ని వారాలలో కుళ్ళిపోవడానికీ, పాలిథిన్ తరతరాలు నిలవడానికీ కారణం ఇంతే.

గుణమే దోషం కూడా. సూక్ష్మజీవికి సులువుగా లొంగే పదార్థం నీటికీ సులువుగా లొంగుతుంది. కేవలం నాచుతో చేసిన రేకు తడిని పీల్చుకొని ఉబ్బి, బలం కోల్పోతుంది. అందువలన ప్రపంచంలో మొదట ప్రజల దృష్టికి వచ్చిన నాచు వస్తువులు సంచులు కావు. లండన్‌లోని నోట్‌ప్లా సంస్థ 2019 లండన్ మారథాన్‌లో పరుగెత్తేవారి కోసం పానీయం నింపిన నాచు బుడగలను ముప్పై వేలకు పైగా సిద్ధపరచింది. బుడగను నోట వేసుకొని కొరికితే చాలు, పారవేయడానికి సీసా మిగలదు. ఆ సంస్థకు 2022లో ఎర్త్‌షాట్ బహుమతి లభించింది. ఇండోనేషియాలో ఎవోవేర్ అన్న సంస్థ తినదగిన నాచు పొట్లాలను చేసింది. పలుచని ప్లాస్టిక్ పొరకు బదులు వెదకడానికి ఏర్పాటైన టామ్ ఫోర్డ్ ప్లాస్టిక్ ఇన్నోవేషన్ ప్రైజ్ 2023లో మూడు సంస్థలకు దక్కింది. మొదటిది అమెరికాకు చెందిన స్వే, రెండవది నేహా జైన్ స్థాపించిన భారతీయ సంస్థ జీరోసర్కిల్, మూడవది నోట్‌ప్లా. మూడూ నాచుతో పనిచేసేవే కావడం గమనించదగినది. స్వే వంటి సంస్థలు నాచును ఇతర జీవపదార్థాలతో కలిపి గుళికలుగా చేస్తాయి. ప్లాస్టిక్ సంచులు ఊదే యంత్రాలలోనే వాటిని కరిగించి సంచులు తీయవచ్చు. ఈ కలుపు వలన సంచికి బలం వస్తుంది. అదే సమయంలో అది ఎంత త్వరగా, ఎటువంటి కుప్పలో కుళ్ళుతుందన్న లెక్క మారుతుంది. ‘నాచు సంచి’ అన్న పేరు విన్నంతనే మురిసిపోకుండా, నాచుతో పాటు మరేమి ఉన్నదని అడగడం అందువలన అవసరం.

మన నీటిలో పెరుగుతుందా?

సముద్రం పక్కనే ఉన్నప్పుడు నాచును ఇక్కడే పెంచరాదా అన్న ప్రశ్న సహజం. నాచు సాగుకు భూమి అక్కరలేదు, మంచినీరు అక్కరలేదు, ఎరువు అక్కరలేదు. భావనగర్‌లోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ, తమిళనాడులోని మండపం వద్ద గల తన కేంద్రం ద్వారా కప్పాఫైకస్ అన్న ఎర్రనాచు సాగును అభివృద్ధి చేసింది. వెదురు తెప్పకు తాళ్ళు కట్టి, తాళ్ళకు నాచు ముక్కలు కట్టి, లోతు తక్కువ గల సముద్రంలో వదులుతారు. సుమారు 45 రోజులలో కోతకు వస్తుంది. రామనాథపురం తీరంలో మత్స్యకార స్త్రీలు సంఘాలుగా ఏర్పడి ఈ పని చేస్తున్నారు. 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద కేంద్రం నాచు సాగుకు 640 కోట్ల రూపాయలు ప్రత్యేకించింది.

మండపంలో సాగినది యానాంలో సాగదు. కప్పాఫైకస్‌కు తేటగా, నిలకడగా ఉప్పగా ఉండే నీరు కావాలి. గౌతమి ముఖద్వారంలో వేసవిలో ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. వర్షాకాలంలో ఎర్రనీరు దిగి, బురదతో కలిసి సముద్రం వరకు తీపెక్కుతుంది. పులస ఎదురీదుకుంటూ వచ్చేది ఆ ఎర్రనీటిలోనే. పులసకు ఇష్టమైన నీరు నాచుకు గిట్టదు. పైగా కప్పాఫైకస్ మన దేశపు మొక్క కాదు. అది సాగు తెప్పలను దాటి మన్నార్ సింధుశాఖలోని పగడపు దిబ్బల మీద అల్లుకుంటున్నదని శాస్త్రవేత్తలు 2008లోనే నమోదు చేశారు. విశాఖపట్నం రాతితీరంలో సహజంగా పెరిగే నాచులున్నాయి. అవి సంచులకు చాలేటంత పంట కావు. కనుక నాచు సంచి యానాంకు వస్తే మరొక తీరం నుండి రావలసినదే, దాని వెల కూడా అందుకు తగినట్టే ఉంటుంది.

తిరుమల లడ్డూ సంచి

కంపోస్టు కాగల సంచిని పెద్దయెత్తున వాడిన అనుభవం తెలుగునాట లేకపోలేదు. హైదరాబాదులోని రక్షణ పరిశోధనా సంస్థకు చెందిన అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ లాబొరేటరీ క్షిపణుల పరిశోధనకు పేరుపడినది. అదే ప్రయోగశాల మట్టిలో కలిసే సంచులకు సాంకేతికతను రూపొందించింది. 2021 ఆగస్టులో, నాటి డి.ఆర్.డి.ఓ. అధ్యక్షుడు జి. సతీశ్ రెడ్డి తిరుమలలో ఈ సంచుల విక్రయకేంద్రాన్ని ప్రారంభించారు. లడ్డూ ప్రసాదం కొన్న భక్తులకు ప్లాస్టిక్ కవరుకు మారుగా వీటిని అందించడం ఉద్దేశం. ఇవి నాచుతో చేసినవి కావు. మొక్కజొన్న పిండిపదార్థంతోను, పి.బి.ఎ.టి. అన్న జీవవిచ్ఛిన్న పాలిమరుతోను చేసినవి. సుమారు 90 రోజులలో కలిసిపోతాయని అప్పుడు ప్రకటించారు.

తిరుమలలో ఈ మార్పు సాధ్యమైనదంటే అందుకు అక్కడి పరిస్థితులు తోడయ్యాయి. ప్రసాదం అమ్మే యాజమాన్యం ఒక్కటే. కొండకు దారులు కొన్నే, తనిఖీ సులువు. లడ్డూ తడి వస్తువు కాదు. కాని ఒక సంగతి సాధారణంగా చర్చకు రాదు. లడ్డూ సంచి తిరుమలలో ఉండిపోదు, భక్తునితో పాటు ఊరికి వెళుతుంది. దానిని మట్టిలో కలిపే బాధ్యత దేవస్థానానిది కాదు, ఆ భక్తుడు చేరుకున్న పురపాలక సంఘానిది, అక్కడి ఇల్లాలిది. కనకాలపేట యాత్రికుడు తెచ్చిన లడ్డూ సంచి కనకాలపేటలోనే కుళ్ళవలసి ఉన్నది. 90 రోజులన్న మాట నిజమవుతుందో లేదో ఇక్కడి చెత్తబుట్ట తేల్చుతుంది.

సంచి మీది మూడు మాటలు

సంచి మీద ముద్రించే మాటలలో మూడింటి మధ్య తేడా పౌరులు తెలుసుకొనవలెను. కంపోస్టబుల్, బయోడిగ్రేడబుల్, ఆక్సో-బయోడిగ్రేడబుల్ అన్నవి ఆ మూడు. వినడానికి అన్నదమ్ముల వలె ఉంటాయి. మొదటి దానికి కొలమానం ఉన్నది. ఐ.ఎస్. 17088 ప్రమాణం ప్రకారం, పరీక్షాశాలలో సుమారు 58 డిగ్రీల సెల్సియస్ వేడి వద్ద, 180 రోజులలోగా 90 శాతం జీవవిచ్ఛిన్నం కావాలి. 12 వారాలలో చిన్న తునకలుగా విడిపోవాలి. మిగిలిన ఎరువు మొక్కకు హాని చేయరాదు. ఇటువంటి సంచి తయారీదారు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం పొందాలి. సంచి మీద తయారీదారు పేరు, ధ్రువపత్రం సంఖ్య ఉండాలి.

బయోడిగ్రేడబుల్ అన్న మాట ఒంటరిగా కనిపించినప్పుడు ఎంత కాలంలో, ఏ పరిస్థితిలో అన్నది తెలియదు. ఆ మాటకొస్తే చెక్కబల్ల కూడా బయోడిగ్రేడబులే. ఇక మూడవది సాధారణ పాలిథిన్‌లో లోహలవణాలు కలిపినది. ఎండకు పెళుసుబారి ముక్కలవుతుంది, ముక్కలు మాత్రం నేలలోనే ఉంటాయి. 2024 మార్చిలో చేసిన సవరణ, సూక్ష్మప్లాస్టిక్ రేణువులు మిగల్చనిదే జీవవిచ్ఛిన్న ప్లాస్టిక్ అని స్పష్టపరచింది.

బ్రిటన్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయంలో ఇమోజెన్ నాపర్, రిచర్డ్ థాంప్సన్ చేసిన పరిశీలన ఈ మాటల విలువను తేల్చింది. వారు వివిధ సంచులను మట్టిలో పాతి, సముద్రంలో ముంచి, గాలికి వేలాడదీసి మూడేళ్ళు చూశారు. ఫలితాలను 2019లో ప్రకటించారు. బయోడిగ్రేడబుల్ అని రాసి ఉన్న సంచి మూడేళ్ళు మట్టిలో, సముద్రంలో ఉన్న పిదప కూడా సరుకులు మోసింది. కంపోస్టబుల్ సంచి సముద్రంలో మూడు నెలలలోగా కనుమరుగయ్యింది. కాని మట్టిలో 27 నెలల తరువాతనూ మిగిలి ఉంది, బరువు వేస్తే మాత్రం చిరిగింది. పేరున్నంత మాత్రాన, సరైన కుప్ప లేకుండా సంచి తనంత తాను ఎరువు కాదు.

58 డిగ్రీలన్నది చిన్న వేడి కాదు. పురపాలక కంపోస్టు యార్డులో పేర్చిన పెద్ద కుప్ప లోపలి భాగం ఆ వేడికి చేరుతుంది. పెరటి డ్రమ్ములోని చిన్న కుప్ప తరచు చేరదు. ఇక్కడ నాచుకు ఒక ఆధిక్యం ఉన్నది. మరేమీ కలపని నాచు రేకు అంత వేడి లేకుండానే కుళ్ళుతుంది. కలుపు సంచికి ఆ భరోసా లేదు.

చేపల సంచి

యానాంలో ఏ సంచికైనా అసలు పరీక్ష చేపల బజారులోనే. బియ్యం, పప్పు, కూరగాయలు గుడ్డసంచిలో వస్తాయి. వాటికి నాచు సంచి కూడా అక్కరలేదు. నీరోడుతున్న రొయ్యలను, మంచులో పెట్టిన చేపను గుడ్డసంచిలో తేవడం కష్టమని ఇల్లాళ్ళు చెప్పేది న్యాయమైన మాటే. నిషేధం ఉన్నా పలుచని కవరు మొండిగా మిగిలినది ప్రధానంగా ఇక్కడే. దురదృష్టవశాత్తు నాచు రేకు బలహీనపడేదీ ఇక్కడే. కాబట్టి సాంకేతికత ఎంతో మారే వరకు తడి సరుకుకు నాచు సంచిని నమ్మరాదు. మూత గల స్టీలు డబ్బా గాని, పాలక్యాను గాని ఉన్నంతలో ఉత్తమం. తాటాకు బుట్టలో అడుగున ఆకు పరచి చేపలు తెచ్చిన రోజులు పెద్దలకు గుర్తుండే ఉంటాయి. డబ్బా తెచ్చినవారికి తూకంలో డబ్బా బరువు తీసివేసి ఇవ్వడం అమ్మేవారి పక్షాన జరగవలసిన పని. తూకంలో అనుమానం కలిగితే మరునాడు ఎవరూ డబ్బా తీసుకురారు. నాచు సంచికి తగిన చోటు వేరే ఉన్నది: పూలు, ఆకుకూరలు, మందులు, ఇంట్లో తడిచెత్త వేసే బుట్టకు లోపలి పొర. ఈ చివరి వాడుక అన్నిటికంటె మేలైనది, ఎందుకంటే ఆ సంచి చెత్తతో పాటు నేరుగా కంపోస్టుకు పోతుంది.

వాడిన సంచిని తడిచెత్తలోనే వేయాలి. పొడిచెత్తలో వేస్తే తిరిగి కరిగించే ప్లాస్టిక్‌తో కలిసి దానిని పాడుచేస్తుంది. తూర్పుతీరపు ఈ లంకనేలలో అడుగు లోతు తవ్వితే చెమ్మ తగులుతుంది. గొయ్యి తీస్తే వానకు నీరు నిలిచి కుప్ప పులిసిపోతుంది. అందుకని నేలమీదే, అడుగున రంధ్రాలున్న డ్రమ్ము గాని ఇటుకల చుట్టు గాని ఏర్పరచుకోవాలి. కూరగాయల తొక్కు ఒక పొర, ఎండుటాకు లేదా కొబ్బరి పొట్టు ఒక పొర వేసి, వారానికొకసారి తిరగవేయాలి. కోనసీమ పక్కన ఉండి కొబ్బరి పొట్టు కొనవలసిన అవసరం రాదు. నాచు సంచిని నాలుగు ముక్కలుగా చించి మధ్య పొరలో వేస్తే త్వరగా కుళ్ళుతుంది. సముద్రంలో కరుగుతుంది కదా అని కాలువలో విడవడం తప్పు. కరిగేలోపు అది తూములో చిక్కవచ్చు, తాబేలు నోట పడవచ్చు.

విద్యార్థులకు అభ్యాసం

పెద్దల సమక్షంలో, కప్పు నీటిలో (సుమారు 200 మిల్లీలీటర్లు) నాలుగు గ్రాముల చైనా గ్రాస్ వేసి, పూర్తిగా కరిగే వరకు మరిగించవలెను. ఒక చిన్న చెంచా గ్లిజరిన్ కలిపి, పళ్ళెంలో పలుచగా పోసి, నీడలో రెండు మూడు రోజులు ఆరనివ్వవలెను. వచ్చిన రేకును అంచు నుండి మెల్లగా ఊడదీసి, సమానమైన పట్టీలుగా కత్తిరించవలెను. అంతే కొలతలో పాత కవరు పట్టీలు, నూలుగుడ్డ పట్టీలు సిద్ధపరచుకొనవలెను.

మొదట ఒక్కొక్క పట్టీకి చిన్న బరువు వేలాడదీసి ఏది ముందు తెగుతుందో చూడవలెను. తరువాత మరొక పట్టీని పది నిమిషాలు నీటిలో ఉంచి అదే బరువు తిరిగి వేలాడదీయవలెను. మిగిలిన పట్టీలను మూడు పూలకుండీలలో, తడిమట్టిలో జానెడు లోతున పాతి, రెండు వారాలకొకసారి ఎనిమిది వారాల పాటు తవ్వి చూడవలెను. ఒక కుండీలో తోటమట్టి, ఒకదానిలో కంపోస్టు, ఒకదానిలో నది ఒడ్డు ఇసుక వేస్తే తేడా తెలుస్తుంది. పట్టీ రంగు, వాసన, బరువు మోసే శక్తి ప్రతిసారీ పట్టికలో రాసుకొనవలెను. వానాకాలంలో చేసిన పరిశీలనను, వేసవిలో చేసిన దానిని వేరువేరు పుటలలో నమోదు చేయవలెను.